అది అరుదైన పిట్ట కాదు

ముందే చెప్పేస్తున్నాను. మా చెరువు జమ్ములో గూళ్లు కట్టిన ఆ పిట్ట అరుదైనది కాదు. మీరు పేపర్లో చదివి ఉండవచ్చు, ఫోన్లో వీడియో చూసి ఉండవచ్చు, కట్ట మీది బోర్డు పక్కన నిలబడి ఫొటో కూడా దిగి ఉండవచ్చు. అదంతా పక్కన పెట్టి నేను చెప్పేది వినండి. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని. ఇప్పుడు నన్ను నోరు మూసుకొమ్మనే ప్రిన్సిపాల్ లేడు, సంజాయిషీ అడిగే పై అధికారీ లేడు. మొత్తం చెబుతాను.

నకిరేకల్‌కు ఎంతో దూరం లేని ఒక చిన్న పట్నంలో నా చివరి పోస్టింగు. ఊరి పేరు చెప్పను, చెబితే అక్కడి వాళ్లు మళ్లీ గొడవకు వస్తారు. ఆ ఊరి చెరువుకు పడమటి అంచున నీళ్లు లోతుండవు. నేల మాత్రం ఎప్పుడూ తడిగా, కాలు పెడితే దిగబడేటట్టు ఉంటుంది. మోకాలెత్తు పచ్చిక, దాని నడుమ మనిషిని మించిన ఎత్తున జమ్ము. చాపలు అల్లుతారే, ఆ గడ్డి. నేను పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు. పత్తి, కంది తప్ప మరొకటి పండని ఎర్ర చెలకలు మావి. అక్కడి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగే నా పళ్ల మీద గోధుమ రంగు చారలు పడ్డాయి, ముప్పై ఐదు దాటేసరికి మోకాళ్లు వంగడం మానేశాయి. అలాంటిదాన్ని ఈ తడి జాగాను మొదటిసారి చూసినప్పుడు సంతోషం కంటే ముందు కుళ్లు కలిగింది. ఇన్ని నీళ్లు వీళ్లకెందుకు, మాకెందుకు లేవు అనుకున్నాను.

వానాకాలంలో ఆ జమ్ము నిండా గిజిగాళ్లే. మీకు తెలిసిన గిజిగాడు బావుల మీదికి వంగిన ఈత మట్టలకో తుమ్మ కొమ్మలకో సొరకాయ బుర్రల్లాంటి గూళ్లు వేలాడదీస్తుంది. జమ్ములో కట్టేవి దాని చుట్టాలు. మా వైపు అవి రెండు రకాలు. ఒకటి చారల గిజిగాడు, రెండోది నల్లరొమ్ము గిజిగాడు. రెండింటిలోనూ మగపిట్టకు వానాకాలంలో నెత్తిన పసుపు టోపీ వస్తుంది. చారలదానికి రొమ్ము మీద నల్లని గీతలుంటాయి. నల్లరొమ్ముదానికి గీతలు కాదు, అడ్డంగా ఒక్కటే నల్లని పట్టీ ఉంటుంది. మొదటిది చాలా చెరువుల్లో కనబడుతుంది. రెండోది మన జిల్లాల్లో కనబడిందంటే చూడడానికి హైదరాబాద్ నుంచి కార్లేసుకుని వస్తారు. ఇక ఆడపిట్టలంటారా, వాటిని విడదీయడం నాకు ఇప్పటికీ కష్టమే. చలికాలం వచ్చిందంటే మగవాటి టోపీలు కూడా ఊడిపోయి అన్నీ పిచ్చుకల్లా తయారవుతాయి.

తెలంగాణ వచ్చిన కొత్తలో చెరువుల పూడిక తీసే పనులు జోరుగా సాగాయి. మంచి పనే, కాదనను. ఆ ఊపులోనే మా చెరువుకు పడమటి అంచున బతుకమ్మ ఘాటు కట్టాలని తీర్మానించారు. మెట్లు, రెయిలింగు, రంగుల లైట్లు. అందుకు జమ్ము మొత్తం పీకేయాలి. మెట్లు తర్వాత కట్టినా, ఆ ఏటి పండుగకే జాగా సాఫు కావాలన్నారు. పీకే ముందు అక్కడ ఏ పక్షులున్నాయో చూసి రాయాలి కదా, చూశారు. ఎప్పుడు చూశారో తెలుసా, మార్చిలో. మన ఆఫీసుల్లో ఏ సర్వే అయినా మార్చిలోనే జరుగుతుంది, ఎందుకంటే ఏప్రిల్ ఒకటి వస్తే ఆ పద్దు వెనక్కు పోతుంది. మార్చిలో వచ్చిన బృందం జమ్ములో పోయినేటి గూళ్లనూ గోధుమ రంగు పిట్టలనూ చూసి పిచ్చుకలని రాసి, చెరువు చేపల పులుసుతో భోంచేసి వెళ్లిపోయింది. జమ్ములో పిచ్చుకలు గూళ్లు కడతాయని ప్రపంచంలో మరెవరూ రాయలేదు, మన వాళ్లే రాశారు. అందులో ఒకాయన జువాలజీ పీజీ. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా కాలేజీలో బాటనీ చెప్పే సారు కొల్లాపూర్ ఆయన. నాకంటే చిన్నవాడు, నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాడు. ఆయనకు కెమెరా పిచ్చి. ఆ ఏడు బతుకమ్మ ఇంకో పక్షం ఉందనగా, ఒక ముసురు పట్టిన రోజున చెరువు మీదికి పోయి ఫొటోలు తీసుకొచ్చాడు. స్టాఫ్ రూములో నా ముందు కెమెరా పెట్టాడు.

“ఆపా, జర చూడు. రొమ్ము నల్లగున్నదా లేదా?”

చూశాను. నల్లగానే ఉంది. అడ్డంగా పట్టీ వేసినట్టే ఉంది. నా గుండె ఝల్లుమంది, ఎందుకు అబద్ధం చెప్పాలి. కానీ పిట్ట ముద్దగా తడిసి ఉంది.

“ఒళ్లు ఆరినంక చూడాలె భాయ్. తడిస్తే చారలన్నీ ఒక్కటైతయి” అన్నాను.

“నువ్వెప్పుడూ గిట్లనే. పెండ్లి కార్డిస్తే గూడ తప్పులు దిద్దుతవు” అన్నాడు నవ్వుతూ. అన్నాడే గాని ఆగలేదు. ఆ సాయంత్రానికే ఫొటో పక్షుల గ్రూపుల్లోకి ఎక్కింది. మర్నాటికల్లా ఎవరో హైదరాబాద్ నుంచి ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశారు, ఇంకెవరో పై ఆఫీసుకు ఫోన్ చేశారు. ఘాటు పని చూసే ఇంజనీరుకు కబురొచ్చింది, ఆ పక్షి ఏదో తేలేదాకా ఆగమని. తేల్చాల్సిందెవరు? స్థానిక జువాలజీ లెక్చరర్. అంటే నేను.

ఇంజనీరు చెడ్డవాడు కాదు. కథల్లో ఇంజనీర్లను విలన్లను చేస్తారు, ఈయన పాపం రోజూ నాలుగు ఫోన్ల మధ్య నలిగిపోయే మనిషి. మరుసటి రోజు తెల్లారి వాన తెరిపిచ్చింది, మంచి ఎండ కాసింది. ఆయన, నేను, బాటనీ సారు, మా ప్రిన్సిపాల్ చెరువు అంచుకు పోయాం. గూళ్లలో పిల్లలు ఉన్నాయి. తల్లులు మిడతలు పట్టుకొస్తుంటే లోపల నుంచి వచ్చే అరుపులు కట్ట దాకా వినిపిస్తున్నాయి. చాలావరకు ఇంకా రెక్కలు రానివే. ఇంకో మూడు వారాలు వదిలేస్తే ఎగిరిపోతాయి.

ఇంజనీరు నన్ను పక్కకు తీసుకుపోయి మెల్లగా అన్నాడు.

“మేడం, నాకు గూడ పిల్లల్ని సంపుడు ఇష్టం లేదు. మీరు నల్లరొమ్ముదని ఒక్క ముక్క అనుండ్రి. అరుదైనదని పైకి చెప్పి పండుగ దాటెదాక నేను పని ఆపుత. మామూలు పిట్టలంటే మాత్రం నా మాట ఎవ్వరు ఇనరు.”

చూడండి ఎంత సులువో. అబద్ధం ఒకటి, అదీ నేను ఒక్కదాన్నే పట్టుకోగలిగిన అబద్ధం. అందరికీ మేలు జరుగుతుంది. ప్రిన్సిపాల్ ఆశగా చూస్తున్నాడు, కాలేజీ పేరు పేపర్లో వస్తుందని. బాటనీ సారు ఇంజనీరు వెనక నిలబడి నాకు కన్ను కొడుతున్నాడు.

నేను బైనాక్యులర్ పెట్టుకుని చూశాను. మగపిట్ట ఒకటి జమ్ము కొనకెక్కి ఎండలో రెక్కలు దులుపుకుంటోంది. ఒళ్లంతా ఆరింది. రొమ్ము మీద పట్టీ లేదు, విడివిడిగా గీతలు. పక్కల మీద కూడా గీతలు. ఇంకొకదాన్ని చూశాను, మరొకదాన్ని చూశాను. జమ్ము చుట్టూ దిగబడుతూ తిరిగి కనబడిన ప్రతి మగపిట్టనూ చూశాను. అన్నీ చారలవే.

“చారల గిజిగాడు. మామూలుదే” అన్నాను.

బాటనీ సారు తలపట్టుకున్నాడు. ప్రిన్సిపాల్ “మేడం, ఇంకోసారి చూడుండ్రి” అన్నాడు, పరీక్షలో ఒక మార్కు తక్కువైన పిల్లవాణ్ణి పాస్ చేయమన్నట్టు. ఇంజనీరు మొహం వాడిపోయింది.

“అయితే రేపు జేసీబీ దింపాల్సి వస్తది మేడం.”

“దింపొద్దు” అన్నాను.

“మామూలు పిట్టలేనంటిరి గద?”

“మామూలువే. మామూలువైతే సంపొచ్చని ఎవలు చెప్పిండ్రు మీకు? కాయిదం ఏదన్న ఉంటె చూపిండ్రి, చదువుత.”

ఆయన మళ్లీ మోగుతున్న ఫోన్ పట్టుకుని పక్కకు పోయాడు. తిరుగు దారిలో బాటనీ సారు నాతో నడవలేదు, ముందు ముందు పోయాడు. కాలేజీ గేటు దగ్గర ఆగి మాత్రం అన్నాడు.

“ఒక్క మాటతోని ఆగిపోతుండె ఆపా. గా పిల్లల ఉసురు నీకే తగుల్తది.”

ఆ మాట చాలా నొప్పించింది. కానీ నాకు తెలియక అడుగుతాను, ఈ రోజు చారలదాన్ని నల్లరొమ్మని రాస్తే, రేపు పక్క ఊరి చెరువులో చారలవి ఉన్నప్పుడు ఏం జరుగుతుంది? అక్కడ నల్లరొమ్ము లేదు కాబట్టి పీకేయండి అంటారు. ప్రతి చెరువులోనూ అరుదైన పిట్టను ఎక్కడి నుంచి తేవాలి? బతకడానికి పిట్ట అరుదైనదై ఉండాలనే లెక్కే నాకు నచ్చలేదు. నేను మామూలుదాన్ని, మా నాయిన మామూలు మగ్గం మనిషి. మా మర్రిగూడలో వంకర కాళ్లతో నడిచే వాళ్లందరూ మామూలు వాళ్లే. అంతమంది ఉన్నారు కాబట్టే ఎన్నో ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున క్లాసుకు పోకుండా చెరువు దగ్గరికి పోయాను. నేను చేరేసరికే జేసీబీ దిగి ఒక మూల పీకడం మొదలుపెట్టింది. పీకిన జమ్ము గట్టు మీద కుప్పగా పడి ఉంది. అందులో గూళ్లు. కొన్ని గూళ్లలో నుంచి అరుపు ఇంకా వస్తోంది. ఆ అరుపు విన్నాక నాకేమీ ఆలోచన రాలేదు. చెప్పులు చేత పట్టుకుని బురదలోకి దిగి బండికి, మిగిలిన జమ్ముకు మధ్యన నిలబడ్డాను. ధర్నా అంటే కూర్చోవాలి కదా. నా మోకాళ్లు వంగవు, అందుకని నిలబడే చేశాను.

డ్రైవర్ బండి ఆపాడు. “అమ్మా, పక్కకు జరుగుండ్రి, నాకు మాటొస్తది” అన్నాడు.

“మాటొస్తె నాకు గూడ వస్తది. నువ్వు ఫోన్ చేసి చెప్పు, గీడ ఒక ముసల్ది నిలబడ్డదని.”

అతను ఫోన్ చేశాడు. ఇంజనీరు వచ్చాడు, ప్రిన్సిపాల్ వచ్చాడు. క్లాసు ఎగ్గొట్టినందుకు సంజాయిషీ రాయాల్సి వస్తుందని ప్రిన్సిపాల్ అక్కడే హెచ్చరించాడు. రాస్తానన్నాను. రిటైర్మెంట్‌కు ఎనిమిది నెలలే ఉన్నాయి, పెన్షన్ ఆగుతుంది, ఆలోచించుకోమన్నాడు. ఆ మాటకు భయం వేసింది, దాచడమెందుకు. కాళ్లు అప్పటికే చల్లబడి కొయ్యబారాయి. బురదలో నుంచి బయటికి లాగుదామన్నా రావు. ఇక భయపడి మాత్రం ఎక్కడికి పోతాను.

ఇంతలో ఆడవాళ్లు వచ్చారు. చేనేత వాడ నుంచి ఇరవై ముప్పై మంది. ఎవరో పోయి చెప్పారు, కాలేజీ మేడం బతుకమ్మ ఘాటుకు అడ్డం పడిందని. ముందు నడిచిన ఆమె ఆ వాడలో పాట ఎత్తుకునే పెద్దమనిషి. ఆమె గొంతుకు ఊరంతా భయపడుతుంది.

“ఏందమ్మా, ఆడిదానివై ఉండి బతుకమ్మకు అడ్డం నిలవడ్తవా? గంత సదువు సదివి గిదేనా నేర్సుకున్నది?”

“అక్కా, నేను బతుకమ్మకు అడ్డం నిలవడలే. బండికి నిలవడ్డ. గా కుప్పకాడికి పోయి చూడుండ్రి ముందు. చూసినంక తిట్టుండ్రి, పడ్త.”

ఆమె గట్టు మీది కుప్ప దగ్గరికి పోయింది. వంగి ఒక గూడు తీసింది. లోపల రెండు పిల్లలు, ఒకటి చచ్చిపోయింది, ఇంకొకటి నోరు తెరుస్తోంది. ఆమె దాన్ని చేతిలోనే పట్టుకుని ఇంకో గూడు తీసింది. అది సగం కట్టిన గూడు, ఇంకా ఆడపిట్ట దిగనిది. దాని అంచుకు తడి పేడ మెత్తి, పేడలో పసుపు పూరేకులు గుచ్చి ఉన్నాయి. బతుకమ్మను పేర్చే తంగేడు పూరేకులు. ఆమె వేలితో తడిమి చూసింది.

“గివి ఎవలు వెట్టిండ్రు?”

“మొగపిట్ట. ఆడిది వచ్చి గూడు చూస్తది గద, మెచ్చాలని పెడ్తది.”

ఆమె చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి తన వాళ్లతో అంది.

“సూస్తిరానే, నా పెనిమిటి నలభై ఏండ్లల్ల ఒక్క పువ్వు తేలే.”

నవ్వులు లేచాయి. బురదలో కొయ్యబారిన నాకు కూడా నవ్వొచ్చింది. కానీ ఆమె నవ్వలేదు. గూడును కొంగులో పెట్టుకుని ఇంజనీరు దగ్గరికి పోయింది.

“సారూ, మా అత్తలు, వాళ్ల అత్తలు ఏడ ఏసిండ్రు బతుకమ్మను?”

“పాత రేవుకాడనమ్మా. గాడ మెట్లు పాడైనయి గద, అందుకే గీడ కొత్తగ...”

“మెట్లు పాడైతే మెట్లు బాగ జేయిండ్రి. మేం గాడనే ఏస్తం. పిల్లలున్న గూళ్లు పీకించి గా నీళ్లల్ల గౌరమ్మను ఏస్తే మా నోట్ల పాటెట్లొస్తది? గీ బండిని తీస్కపొమ్మనుండ్రి.”

“పైనోళ్లు నన్నడుగుతరమ్మా.”

“అడిగితే ఆడోళ్లు రానియ్యలేదని చెప్పు. అరుదైన ఆడోళ్లేం గాదు, మామూలోళ్లే అని గూడ చెప్పు.”

అంటే అంతకు ముందు రోజు జరిగిన మాటంతా వాడకు చేరిపోయిందన్న మాట. చిన్న ఊళ్లో ఏదీ దాగదు. ఇంజనీరు కొద్దిసేపు ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూసి, బండిని వెనక్కు తీయమని డ్రైవర్‌కు చెయ్యి ఊపాడు. ఆయనకు సంతోషంగానే ఉందని నాకు అనుమానం. పైకి చెప్పుకోవడానికి ఒక ముక్క దొరికింది కదా. నన్ను బురదలో నుంచి లాగడానికి నలుగురు ఆడవాళ్లు కావలసి వచ్చింది. ఒక చెప్పు ఇప్పటికీ ఆ చెరువులోనే ఉంది.

పీకేసిన మూలలోని పిల్లలు బతకలేదు. బతికున్న వాటిని జమ్ములో మిగిలిన గూళ్లలో పెట్టి చూశాం, తల్లులు రానివ్వలేదు. ఆ సంగతి ఎవరూ పేపర్లో రాయలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మిగిలినవి ఎగిరిపోయాయి. బతుకమ్మ పాత రేవులోనే జరిగింది. ప్రిన్సిపాల్ అడిగిన సంజాయిషీ రాసిచ్చాను, విచారణ జరిగింది, పెన్షన్ కొన్నాళ్లు ఆలస్యంగా వచ్చింది. ఘాటు తర్వాతి ఎండాకాలంలో పాత రేవు దగ్గరే కట్టారు, జమ్మును వదిలేశారు.

కానీ పేపర్లో ఏం వచ్చిందో చూడండి. ‘అరుదైన నల్లరొమ్ము గిజిగాణ్ణి కాపాడిన అధ్యాపకురాలు.’ పక్కన ఆ ముసురు రోజున తీసిన ఫొటో. నేను ఆ కాగితాన్ని స్టాఫ్ రూములో బాటనీ సారు ముందు పెట్టాను.

“నాకేం తెల్వదు ఆపా. వాళ్లే రాసుకున్నరు” అన్నాడు.

“ఫొటో ఎవలిచ్చిండ్రు?”

“నేనే ఇచ్చిన. కానీ ఆపా, లోకానికి గిట్ల చెప్తేనే ఎక్కుతది. పిట్టలు బతికినయా లేదా? ఇంక పేరుదేముంది?”

“పిట్టల్ని గా అబద్ధం బతికియ్యలే భాయ్. గా ఆడోళ్లు బతికిచ్చిండ్రు, మామూలు పిట్టలని తెలిసే బతికిచ్చిండ్రు. వాళ్లు చేసిన పనిని నువ్వు గుంజుకుంటున్నవు.”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని క్లాసుకు పోయాడు. చాలా రోజులు మా మధ్య మాటల్లేవు. నా రిటైర్మెంట్ సభలో ప్రిన్సిపాల్ శాలువా కప్పుతూ “అరుదైన పక్షిని కాపాడిన మేడం” అన్నాడు. మైకు లాక్కుని అది మామూలు పక్షేనని చెప్పాను. జనం వినయమనుకుని చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత చెరువు కట్ట మీద నడక దారి వేసి ఒక బోర్డు పెట్టారు. ‘అరుదైన నల్లరొమ్ము గిజిగాడు నివసించు స్థలము.’ ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ఫొటో. నేను మున్సిపల్ ఆఫీసుకు పోయి చెప్పాను. కమిషనర్లు మారుతున్నారు, నేను పోతూనే ఉన్నాను. అందరూ ఒకటే మాట, మేడం, చూడడానికి జనం వస్తున్నారు కదా, ఉండనీయండి. ఒకాయనైతే, మామూలుదని రాస్తే ఆ జాగాలో ఏదో ఒకటి కట్టమని మళ్లీ ఒత్తిడి వస్తుంది, మీకే నష్టం అన్నాడు. అన్నేళ్ల తర్వాత కూడా లెక్క అక్కడే ఉంది.

పోయిన వానాకాలంలో నల్ల ఎనామెల్ డబ్బా, ఒక కుంచె కొనుక్కుని పోయాను. బాటనీ సారు కూడా వచ్చాడు, ఆయనకూ రిటైర్మెంట్ అయింది. దారి పొడుగునా గొణిగాడు, కేసు పెడతారు ఆపా, ఈ వయసులో మనకెందుకు అని. గొణుగుతూనే డబ్బా మూత తీసి పట్టుకున్నాడు. పట్టపగలు, నడిచే జనం చూస్తుండగానే ‘అరుదైన’ అన్న మాట మీద గీత కొట్టాను. ‘నల్లరొమ్ము’ మీద కొట్టాను. పైన ‘మామూలు చారల’ అని రాశాను. నా అక్షరాలు బ్లాక్ బోర్డు మీద ఎంత గుండ్రంగా ఉండేవో అంత గుండ్రంగా వచ్చాయి.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. “అమ్మా, గవర్మెంటు బోర్డు. ఖరాబు చేస్తున్నవు.”

“ఖరాబు చేస్తలే, సాఫు చేస్తున్న.”

“మా సారుకు చెప్పాలె నేను. పేరేంది నీది?”

పేరు చెప్పాను. ఇంటి అడ్రసు కూడా చెప్పాను. రాసుకున్నాడు.

వాళ్లు ఆ బోర్డును తుడిపించి మళ్లీ రాయించవచ్చు. రాయిస్తే మళ్లీ పోతాను. డబ్బాలో రంగు ఇంకా సగం ఉంది.